కొత్త సంవత్సరం – శాకాహారి కంచం

కొత్త సంవత్సరం రాగానే తీర్మానాలు చేసుకోవడం మనకు అలవాటు. మనకు కొత్త సంవత్సరాలు రెండు గనుక తీర్మానాలూ రెండుసార్లే. జనవరిలో చేసుకున్నవి సంక్రాంతి సకినాలతో చెడిపోతే, ఉగాది నాడు షడ్రుచుల పచ్చడి నాలిక మీద వేసుకొని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. నా మిత్రులలో ఎక్కువమంది తీర్మానం ఒకటే: "ఈ ఏడు నుంచి మంచి తిండి తినాలె." మంచి తిండి అంటే ఏమిటిరా అని అడిగితే మాత్రం తలా ఒక మాట చెబుతారు. ఒకడు అన్నం పూర్తిగా మానేస్తానంటాడు. ఇంకొకడు డబ్బాల్లో వచ్చే ప్రోటీను పొడి పాలల్లో కలుపుకొని తాగుతానంటాడు. మూడోవాడు మాంసం మానేసి శాకాహారి అయిపోతానంటాడు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మూడోవాని కోసం. పుట్టుకతోనే శాకాహారులమై, మాకేం భయం లేదనుకునే మావంటి వాళ్ళ కోసం కూడా.

మా ఇంట్లో తాతల నాటి నుంచీ మాంసం లేదు, గుడ్డు కూడా లేదు. మాది జహీరాబాదు దిక్కు, నల్లరేగడి భూమి, వానాధారం సేద్యం. మా అన్న ఇంజనీరింగు చదివి రాయదుర్గం దగ్గర ఒక సాఫ్టువేరు కంపెనీలో పని చేస్తున్నాడు. అమెరికా వాళ్ళకు తెల్లవారినప్పుడు వీనికి పని మొదలవుతుంది. సిగరెట్టు లేదు, మందు లేదు. పోయిన ఏడు వాళ్ళ ఆఫీసులో వైద్య శిబిరం పెట్టి అందరికీ స్కానింగు చేస్తే, అన్న కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. వయస్సు ఇరవై ఏడు. ఆ కాయితం ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మకు సమజు కాలేదు. "మందు ముట్టని పిలగానికి లివరు జబ్బేందిరా?" అన్నది. నాయిన ఏమీ అనలేదు, కాయితం అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. ఇంట్లో సైన్సు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే గనుక అందరూ నా మొఖం చూశారు. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. తరువాత చదివి, అడిగి తెలుసుకున్నది ఇప్పుడు రాస్తున్నాను.

మొదట చెప్పవలసింది, ఇది మా అన్న ఒక్కని కథ కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు, ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులు కలిసి హైదరాబాదు ఐ.టి. ఉద్యోగులు 345 మందిని పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రకటించారు. అందులో నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నది. 71 శాతం స్థూలకాయులు. 34 శాతం మందికి నడుము కొలత, రక్తపోటు, చక్కెర, రక్తంలో కొవ్వు – వీటిలో కనీసం మూడు గతి తప్పిన స్థితి, వైద్యులు మెటబాలిక్ సిండ్రోమ్ అనేది, ఉన్నది. 345 మంది అంటే ఆ కారిడార్‌లో పని చేసే లక్షల మందిలో పిడికెడే. కాబట్టి ప్రతి వందమందిలో సరిగ్గా 84 మంది అని గట్టిగా అనడం శాస్త్రం కాదు. కాని పిడికెడు మెతుకులు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుంది గదా!

ఇక అమ్మ ప్రశ్న. మందు ముట్టకుండా కాలేయానికి కొవ్వు ఎట్లా పడుతుంది? కాలేయాన్ని ఒక ధాన్యపు కొట్టు అనుకోండి. మనం తిన్న అన్నం, ఇడ్లీ, చక్కెర పేగుల్లో గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తాయి. ఇన్సులిన్ అనే హార్మోను ఆ గ్లూకోజును కండరాలకూ కాలేయానికీ పంపుతుంది. కాలేయం దాన్ని గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. ఆ గది చిన్నది. పొలంలో దున్నేవాని కండరాలు ఆ నిల్వను సాయంత్రానికి ఖాళీ చేస్తాయి. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చున్నవాని గది నిండే ఉంటుంది. నిండిన గదిలోకి మళ్ళీ బస్తాలు వస్తే కాలేయం ఏం చేస్తుంది? ఆ పిండిపదార్థాన్నే కొవ్వుగా మార్చి తనలో పేర్చుకుంటుంది. ఇట్లా కొన్నేండ్లు జరిగితే కండరాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది, అది మళ్ళీ కాలేయంలో కొవ్వు తయారీని పెంచుతుంది. దీనికంతటికీ మందు చుక్క అవసరం లేదు, మాంసం ముక్క కూడా అవసరం లేదు. తెల్ల బియ్యం, మైదా, చక్కెర, నూనె – అన్నీ శుద్ధ శాకాహారాలే సుమా!

ఈ సంగతి మనం బాగా గుర్తుంచుకోవాలి. మాదాపూరులో సాయంత్రం ఆరు దాటాక బండ్ల దగ్గర వేయించే పునుగులు శాకాహారం. మిరపకాయ బజ్జీ శాకాహారం. రెండు చెంచాల చక్కెర వేసిన చాయ శాకాహారం, రోజుకు ఐదుసార్లు తాగినా శాకాహారమే. జంతువును చంపలేదన్న పుణ్యం వేరు, ఒంటికి సరిపడా తిన్నామన్నది వేరు. మొదటిది ఉంటే రెండోది దానంతట అదే వస్తుందని మా ఇంట్లో అందరం అనుకున్నాం.

తెలుగువాళ్ళ కంచం జబ్బు తేవడం ఇదే మొదటిసారి కూడా కాదు. ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నదని అందరికీ తెలుసు, ఆ బస్‌స్టాపు పేరు విననివాడు లేడు. అది 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒక్క గదిలో మొదలైంది. దానికి పెట్టిన మొదటి పని బెరిబెరి వ్యాధి మీద విచారణ. మెకారిసన్ అనే వైద్యుడు దానిని నడిపాడు. ఆనాటి మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది ఎక్కడనుకున్నారు? మన ఉత్తర సర్కారు జిల్లాల్లో. మరలో బాగా తెల్లగా పట్టించిన పచ్చి బియ్యం తినేవాళ్ళలో. తవుడుతోపాటు బి1 విటమిన్ పోయేది. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె దెబ్బ తినేది. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకు ఈ జబ్బు అంతగా రాలేదు, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజలోపలికి ఇంకుతుంది. తెల్లదనం కోసం ఆరోగ్యాన్ని అమ్ముకున్న కథ అది.

ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకున్నది. ఇక్కడికి వచ్చాక దాని ముందుకు ఇంకో జబ్బు వచ్చింది, ఈసారి మా దిక్కు నుంచి. దక్కను మెట్ట ప్రాంతంలో జొన్నలే ఆధారంగా బతికే బీదవాళ్ళకు పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు, మతి చలించడం కూడా ఉండేవి. ప్రపంచమంతటా ఇది మక్కజొన్న తినేవాళ్ళ జబ్బని పేరు. మరి జొన్న తినేవాళ్ళకు ఎందుకు వచ్చింది? డాక్టరు సి. గోపాలన్, డాక్టరు యస్.జి. శ్రీకాంతియా 1960లో ఒక సమాధానం ప్రతిపాదించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు ఎక్కువ. అది శరీరంలో నయాసిన్ విటమిన్ తయారీకి అడ్డు తగులుతుందని. తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులు దీని మీద చాలా వాదించారు. అయితే జొన్నతోపాటు పప్పు, పాలు, ఆకుకూర దొరికినవాళ్ళకు ఈ బాధ లేదన్నది మాత్రం నిలిచింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య చిరుధాన్యాల గురించి మాట్లాడేవాళ్ళు మన తాతలు జొన్న రొట్టె తిని నూరేండ్లు బతికారని అంటుంటారు. బతికినవాళ్ళు బతికారు. ఒట్టి జొన్నే తిన్న కూలివాళ్ళు చర్మం ఊడి దవాఖానలకు పోయారు. ఒక్క గింజ మీద బతికితే ఆ గింజ బియ్యమైనా జొన్నైనా దెబ్బ కొడుతుంది. సర్కారు జిల్లాల వాళ్ళకు బియ్యం, మాకు జొన్న, ఇప్పుడు సైబరాబాదు వాళ్ళకు మళ్ళీ బియ్యమూ మైదాలూ. తేడా ఏమిటంటే ఆ రెండు జబ్బులూ లేమి వల్ల వచ్చినవి, ఈ మూడోది నెలకు లక్ష సంపాదించేవానికి వస్తున్నది.

అట్లాగని జొన్నకు ఉన్న గుణాన్ని కాదనడం తప్పు. పోషకాహార సంస్థ 2017లో అచ్చు వేసిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు మన గ్రంథాలయాల్లో దొరుకుతాయి. వంద గ్రాముల మరపట్టిన బియ్యంలో పీచు మూడు గ్రాములకు లోపు, జొన్నలో పది గ్రాములు, రాగిలో పదకొండు. ఇనుము బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. జొన్నలో నాలుగు, సజ్జలో ఆరుకు పైన. రాగిలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, ఏ ధాన్యమూ దాని దరిదాపుల్లో లేదు. పీచు ఉన్న గింజ నెమ్మదిగా అరుగుతుంది, గ్లూకోజు ఒక్కసారిగా రక్తంలోకి దూకదు, పైన చెప్పిన ధాన్యపు కొట్టులోకి బస్తాలు ఒక్కొక్కటిగా వస్తాయి. మీరు రెండు జొన్న రొట్టెలు తిని ఇంకా తినగలరేమో చూడండి. అదే అన్నమైతే కంచం నిండా తిన్నా "ఇంకొంచెం పెరుగన్నం" అంటాం.

విచిత్రం ఏమిటంటే, ఈ గింజల మీద ప్రపంచంలో ఎక్కడ పరిశోధన జరుగుతున్నదని అడిగితే మన హైటెక్ సిటీ చుట్టూనే అని చెప్పాలి. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పాయి ప్రారంభించారు. అంతకు ఇరవై ఆరేండ్ల ముందే, 1972లో, ఆ బొంబాయి రోడ్డు మీదే పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలిసింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దాని పంటలు. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధనా సంస్థ ఉన్నది. తార్నాకలో పోషకాహార సంస్థ. ఇంత దీపం కింద ఆ చీకటి ఏమిటో! 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, ఆ ప్రతిపాదన మన దేశానిదే. ఆ ఏడు గచ్చిబౌలి సూపర్ బజార్లలో కొర్రలు, అండుకొర్రలు అందమైన పొట్లాల్లో వచ్చాయి. ధర చూసి నాయిన నవ్విండు.

నాయిన నవ్వు వెనక ఒక సంగతి ఉన్నది. మా ఊళ్ళో ఇప్పుడు జొన్న వేసేవాళ్ళు కొద్దిమందే. పత్తి వచ్చింది, బోరున్నవాడు వరి వేస్తాడు. "మీరెందుకు ఎయ్యరు నాయినా?" అని అడిగితే ఆయన చెప్పిన కారణం ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఊరంతా జొన్న వేసినప్పుడు పిట్టలు ఊరంతటి మీద పంచుకొని పడేవి. ఇప్పుడు ఒక్కడు వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ ఒక్కని చేను మీదే. మంచె కట్టి, వడిసెల పట్టి పొద్దుగూకులూ అరిచేందుకు ఇంట్లో పిల్లలు లేరు, మేము చదువులకు వచ్చాం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి మా దిక్కు ఇండ్లల్లో రొట్టె తగ్గుతూ వచ్చిందని నాయినమ్మ అంటుంది. ఇందులో తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. అన్నం అప్పటిదాకా పండగ కూడు. బీదవానికి రోజూ పండగ చేసుకునే వీలు దొరికింది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషను మీద మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. ఆకలి తీర్చింది బియ్యమే. కాకుంటే ఆ బియ్యం పక్కన ఏం ఉన్నదన్నది ఇప్పటి ప్రశ్న.

నాయినమ్మ కాలంలో పక్కన ఉన్నవి నాకు కొన్ని తెలుసు. రొట్టెతో పుంటికూర పప్పు, అలసందల గుగ్గిళ్ళు, వెల్లిపాయ కారం, మజ్జిగ. వానకాలంలో చేలల్లో ఎవరూ నాటకుండా మొలిచే తుమ్మికూర, గునుగుకూర, పొన్నగంటి. పత్తికి కలుపు మందు కొట్టడం మొదలైనాక ఆ కూరలు చేలల్లో మిగలలేదు. జహీరాబాదు పక్క పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ పాత పంటల విత్తనాలు కాపాడుతూ వచ్చాయి, వారికి 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి దక్కింది. సంక్రాంతికి ఎడ్ల బండ్ల మీద విత్తనాలు అలంకరించి ఊరూరా తిప్పే పాత పంటల జాతర చిన్నప్పుడు చూశాను. అప్పుడు నాకు బండ్ల మీదే ధ్యాస, గింజల మీద లేదు.

సరే, లెక్కలోకి వద్దాం. పోషకాహార సంస్థ 2024 మే నెలలో పదిహేడు ఆహార సూత్రాలు ప్రకటించింది. అందులో రోజుకు 2000 కేలరీల మనిషికి కంచం ఇట్లా ఉండాలన్నారు: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పండ్లు 100, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. ధాన్యాలూ పప్పులూ పచ్చివిగా తూచిన బరువులు, వండిన తరువాతవి కావు.

నేను ఒక వారం రోజులు మా మెస్సులో నా కంచం తూచాను. మిత్రులు నవ్వారు, వార్డెనుగారు ఏమిటని అడిగారు. లెక్క గట్టితే నేను తినే ధాన్యం పచ్చిగా రోజుకు 400 గ్రాములు తేలింది: పొద్దున ఇడ్లీ లేక ఉప్మా, రెండు పూటలా అన్నం. పప్పు మాత్రం 30 గ్రాములు దాటలేదు, ఎందుకంటే అది పప్పుచారు. గరిటె ముంచితే పప్పు ఎక్కడో అడుగున. కూర 100 గ్రాములు, అందులో సగం ఆలుగడ్డ. పెరుగు ఒక చిన్న గిన్నె. పల్లీలు చట్నీలో ఉన్నవే. ఇప్పుడు మాంసకృత్తుల లెక్క చూడండి. అన్నం నుంచి 32 గ్రాములు, పప్పు నుంచి ఆరున్నర, పెరుగు నుంచి మూడు, కూరల నుంచి మూడు. మొత్తం 45కు దగ్గర. మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాము కావాలి, నా అరవై కిలోలకు 50. అంటే పొట్ట పగిలేంత తిని కూడా తక్కువే తింటున్నాను! పైన చెప్పిన సంస్థవారి కంచం ప్రకారం తింటే ధాన్యం 150 గ్రాములు తగ్గినా మాంసకృత్తులు 60 గ్రాములు దాటుతాయి. డబ్బా పొడి మిత్రుడు ఇది గమనించాలి. ఆ సూత్రాల్లోనే కండలు పెంచడానికి ప్రోటీను పొడులు వాడవద్దని కూడా ఉన్నది.

లెక్కలో ఇంకొక మెలిక ఉన్నది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాల దండలు. బియ్యం, జొన్నల్లో లైసిన్ అనే పూస తక్కువ. పప్పుల్లో అది కావలసినంత ఉన్నది, కాని మెథియొనిన్ అనే పూస తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. పప్పన్నం, పెసరట్టు ఉప్మా, ఇడ్లీలో బియ్యంతోపాటు మినప్పప్పు, రొట్టెతో అలసందలు – మన పెద్దవాళ్ళు అమైనో ఆమ్లాల పేర్లు తెలియకుండానే ఈ జోళ్ళు కట్టారు. మనం చేసిన పని ఆ జోళ్ళలో ఒక ఎద్దును బక్కచిక్కించడం. కందిపప్పు ధర పెరిగినప్పుడల్లా పప్పు చారు అవుతుంది, చారు నీళ్ళు అవుతుంది.

ఇనుము సంగతి ఆడపిల్లలు ప్రత్యేకం చదవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నది. ఆకుకూరల్లో, గింజల్లో ఉన్న ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. గింజల్లోని ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి, చాయలోని టానిన్లు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. భోజనం కాగానే చాయ తాగడం అంటే జేబులో వేసిన డబ్బు మళ్ళీ తీసి ఇచ్చినట్టే. గంట ఆగి తాగండి. సి విటమిన్ దీనికి విరుగుడు. కూర మీద నిమ్మకాయ పిండుకోవడం, భోజనంతో ఒక జామపండు తినడం చాలు. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉన్నది, ఆపిల్‌లో అందులో ఇరవయ్యో వంతు కూడా లేదు. ఆపిల్‌కు పేరు, జామకు గుణం. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్లు తగ్గుతాయి. ఇడ్లీ పిండి పులవడంలో రుచి ఒక్కటే కాదు ఉన్నది.

ఇక బి12. శాకాహారులను నిజంగా దెబ్బ తీసేది ఇదే, మనం అసలు మాట్లాడనిదీ ఇదే. ఈ విటమిన్‌ను ఏ మొక్కా తయారు చేయదు, సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి, జంతువుల ద్వారా మనకు అందుతుంది. గుడ్డు కూడా తినని మావంటి వాళ్ళకు పాలు, పెరుగే దిక్కు. రోజుకు కావలసింది 2.2 మైక్రోగ్రాములు, కంటికి కనిపించనంత. అయినా అది లేకపోతే రక్తకణాలు సరిగా తయారు కావు, అరికాళ్ళలో తిమ్మిర్లు, మతిమరుపు, ఊరికే నీరసం వస్తాయి. నరాలు దెబ్బ తింటే మళ్ళీ పూర్తిగా బాగు కాకపోవచ్చు. నీళ్ళ మజ్జిగ తాగి పాలు తాగినట్టు లెక్కేసుకోవద్దు. పాలు పడనివాళ్ళు, పాలు కూడా మానేసి పూర్తి వీగన్లు కావాలనుకునేవాళ్ళు రక్తపరీక్ష చేయించుకొని, డాక్టరు చెప్పిన ప్రకారం మాత్ర వేసుకోవాలి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. మా అన్నకు కాలేయంతోపాటు ఇది కూడా తక్కువని తరువాతి పరీక్షలో తేలింది. రాత్రి పని, పగలు నిద్ర కాబట్టి ఎండ తగలక డి విటమిన్ కూడా అంతే.

మరి సైబరాబాదులో బతికేవాడు ఏం చేయాలి? అక్కడి హాస్టలు గదుల్లో పొయ్యి పెట్టనివ్వరు. తొమ్మిది గంటల రాత్రి ఆకలైతే ఫోనులో స్విగ్గీ, జొమాటో చేతికందేంత దూరంలో ఉంటాయి. మా అన్న ఎట్లా మార్చుకున్నాడో చెబుతాను, మార్గం అదొక్కటే అని కాదు. కర్రీ పాయింటు మానలేదు. కాని అక్కడ రెండు వేపుళ్ళు కొనే చోట ఒక పప్పు, ఒక ఆకుకూర కొంటున్నాడు. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీనులో ముందు కూర, పప్పు సగం తిని తరువాత అన్నం కలుపుతాడు. దానివల్ల అన్నం దానంతట అదే తగ్గింది. వారానికొకసారి కూకట్‌పల్లి రైతుబజారుకు పోయి జామపండ్లు, కీర దోసకాయలు, ఉడికించిన పల్లీల కోసం పచ్చి వేరుశనగ తెచ్చుకుంటాడు. రాత్రి పనిలో ఆకలైతే బిస్కెట్ల బదులు శనగల గుగ్గిళ్ళు, లేకుంటే వేయించిన శనగలు. చాయలు ఐదు నుంచి రెండుకు వచ్చాయి, చక్కెర అరచెంచా. తిన్న తరువాత పావుగంట అదే భవనం చుట్టూ నడుస్తాడు. నడిచే కండరాలు రక్తంలోని గ్లూకోజును ఇన్సులిన్ సిఫారసు లేకుండానే తీసుకుంటాయి గనుక తిన్న వెంటనే నడిచే ఆ పావుగంటకు విలువ ఎక్కువ.

నూనె లెక్క ఇండ్లల్లో వాళ్ళకు: రోజుకు 27 గ్రాములంటే నెలకు మనిషికి లీటరుకు కొంచెం తక్కువ. నలుగురున్న ఇంటికి మూడున్నర లీటర్లు. మీ ఇంటికి నెలకు ఎన్ని పాకెట్లు వస్తాయో అమ్మను అడగండి. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, అందులో ఆవకాయ, అప్పడం కూడా జమ. ఆవకాయ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు.

మందులు వాడేవాళ్ళు, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు నా మాట విని ఏదీ హఠాత్తుగా మార్చవద్దు. అన్న కూడా డాక్టరును అడిగే మార్చుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు. మళ్ళీ స్కానింగు ఉగాది తరువాత ఉన్నది. అమ్మ మాత్రం "పిలగాడు ఎండిపోయిండు" అని బాధ పడుతున్నది.

చివరగా మన మెస్సు విషయం. వారానికి రెండు రాత్రులు అన్నం తగ్గించి జొన్న రొట్టె పెట్టాలని, పప్పుచారు బదులు ముద్దపప్పు ఇవ్వాలని, మధ్యాహ్నం అరటిపండు స్థానంలో దొరికే కాలంలో జామపండు ఇవ్వాలని మేము కొందరం కలిసి మెస్ కమిటీకి అర్జీ రాశాం. పప్పుకు, జామకు కమిటీవారు ఒప్పుకున్నారు. రొట్టె దగ్గర ఆగింది. జొన్నపిండి చపాతీ పిండి లాగా సాగదు, ఉడుకు నీళ్ళు పోసి వేడి మీదనే పిసికి, ఒక్కొక్కటీ చేత్తో కొట్టి, పెంక మీద వేసి తడిగుడ్డ అద్దాలి. రెండు వందల మందికి నాలుగు వందల రొట్టెలు. వంటవాళ్ళలో అది వచ్చినవాళ్ళు లేరు. మా ఊరి నుంచి పనికి వచ్చి లింగంపల్లిలో ఉంటున్న ఇద్దరు ఆడవాళ్ళకు వచ్చు, రొట్టెకు ఇంత అని మాట్లాడుకుంటే వస్తామన్నారు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద వచ్చే నెల సమావేశం ఉన్నది. రొట్టె కావాలనుకునే మిత్రులు ఆ రోజు తప్పకుండా రావాలి.